స్ప్రే డబ్బా ఎప్పుడు ఖాళీ అయినట్టు?

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అమ్మాయీ, ఒకసారి ఇలా రా తల్లీ. ఈ డబ్బా పట్టుకో. మొహం వైపు కాదు, అటు కిటికీ వైపు తిప్పి మీట నొక్కు. ఏమైనా వచ్చిందా? రాలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కు. ఊహూఁ, ఏమీ లేదు. అయితే చెప్పు, ఇది ఖాళీయేనా? ఖాళీయే అంటోంది. వెనక కూర్చున్నవాళ్లు? మీరూ ఖాళీయే అంటున్నారు. సరే. దీన్ని ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. కాసేపాగి మళ్లీ దీని దగ్గరికి వద్దాం. నువ్వు వెళ్లి కూర్చోమ్మా.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ ఒక్క మాట గురించే. ఖాళీ. సెంటు స్ప్రే కావచ్చు, దోమల మందు కావచ్చు, గోడలకు కొట్టే రంగు కావచ్చు, జుట్టుకు కొట్టుకునేది కావచ్చు. ఇంట్లో వాడి వాడి ఒకరోజు "అయిపోయింది" అని పక్కన పడేస్తాం. ఆ "అయిపోయింది" అనేది నిజమా, కాదా? అది నిజం కాకపోతే ఎవరికి దెబ్బ తగులుతుంది? మనకు మాత్రం తగలదు. అందుకే మనం దాని గురించి ఆలోచించం.

నేను చెత్త వేరుచేసే కేంద్రంలో పదకొండేళ్లు పనిచేశాను. బెల్టు మీద సామాను వస్తూ ఉంటుంది. కాగితం ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు, రేకు ఒకవైపు తీసి వెయ్యాలి. చేతులు ఆగవు. ఒక్కో వస్తువును చూడటానికి దొరికేది ఒకటి రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో ఒక స్ప్రే డబ్బా లోపల ఏముందో ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు. రేకు కదా అని రేకులోకే వేస్తాం.

రేకంతా బేలింగ్ మిషన్‌లోకి వెళ్తుంది. డబ్బాలన్నిటినీ కలిపి గట్టిగా నొక్కి, పెద్ద దిమ్మలాగా కట్ట చేసే యంత్రం అది. ఆ యంత్రం దగ్గర నాతో పనిచేసిన అక్క ఒకామె ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం, నొక్కుడు పడుతూ ఉండగా లోపల ఒక డబ్బా పగిలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు, "టప్" అంది, అంతే. ఆ వెంటనే యంత్రం సందులోంచి మంట ఒకటి బయటికి కొట్టింది. ఒక్క క్షణం. ఆ క్షణంలో ఆమె కుడి చెయ్యి, మెడ కాలిపోయాయి. ఆమె మళ్లీ పనికి రావడానికి మూడు నెలలు పట్టింది. వచ్చాక కూడా ఆ యంత్రం వైపు వెళ్లలేదు.

ఆ డబ్బా పడేసినవాళ్లు చెడ్డవాళ్లా? కాదండీ. వాళ్లకు ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. వాళ్లు మీట నొక్కి ఉంటారు, ఏమీ రాలేదు, పడేశారు. ఇందాక ఈ అమ్మాయి చేసినట్టే. మనందరం చేసేట్టే.

సరే, ఇప్పుడు డబ్బా లోపలికి వెళ్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా మీకు మీరే చెప్పుకోగలరు.

లోపల కనబడే ప్లాస్టిక్ సిగరెట్ లైటర్ చూసే ఉంటారు. దాన్ని కదిపితే నీళ్లలాంటిది ఊగుతుంది. అదేమిటి? నీళ్లా? కిరసనాయిలా? రెండూ కాదు, బ్యుటేన్. బయట ఉంటే అది గ్యాస్. ఒత్తిడి పెట్టి మూసేస్తే ద్రవం అవుతుంది. చాలా స్ప్రే డబ్బాల్లో ఉండేది కూడా అదే కుటుంబం. బ్యుటేన్, ఐసోబ్యుటేన్, ప్రొపేన్. అంటే వంటగ్యాస్ సిలిండర్లో ఉండేవే. కొన్నిటిలో డైమిథైల్ ఈథర్ అని ఇంకొకటి ఉంటుంది, అదీ మండేదే.

డబ్బాలో కింద ద్రవం ఉంటుంది. అందులో మందో రంగో, దానితో పాటు ద్రవంగా మారిన గ్యాస్ కూడా కలిసి ఉంటుంది. ఊపి వాడండి అని రాసేది అందుకే, రెండూ బాగా కలవాలని. ద్రవం పైన ఖాళీ జాగాలో గ్యాస్ ఉంటుంది. అది ద్రవాన్ని కిందికి నొక్కుతూ ఉంటుంది. మీట నొక్కగానే వాల్వ్ తెరుచుకుంటుంది, డబ్బా అడుగుదాకా దిగిన సన్నని గొట్టంలోంచి ద్రవం పైకి ఎగదన్ని నాజిల్లోంచి బయటపడుతుంది. బయటికి వచ్చీ రాగానే అందులోని గ్యాస్ ఆవిరైపోతుంది, మందు తుంపరగా మిగులుతుంది.

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది, జాగ్రత్తగా వినండి. సైకిల్ ట్యూబులో గాలి వదులుతూ పోతే ఏమవుతుంది? ఒత్తిడి తగ్గుతూ వస్తుంది. సగం గాలి పోతే ట్యూబు మెత్తబడిపోతుంది. స్ప్రే డబ్బా అలా కాదు. పైన ఉన్న గ్యాస్ కొంచెం పోగానే, కింద ద్రవంగా ఉన్న గ్యాస్ కొంచెం ఆవిరై ఆ జాగా నింపేస్తుంది. మళ్లీ పోతే మళ్లీ నింపుతుంది. ద్రవంగా ఉన్న గ్యాస్ ఆఖరి బొట్టు అయ్యేదాకా ఒత్తిడి ఇంచుమించు అంతే ఉంటుంది. అంటే కొత్త డబ్బాలో ఎంత ఒత్తిడి ఉందో, ముప్పావు వంతు వాడేసిన డబ్బాలోనూ దాదాపు అంతే ఉంది. చేతికి తేలిగ్గా తగిలింది కాబట్టి లోపల బలం కూడా తగ్గిపోయింది అనుకుంటాం. తగ్గలేదు. నివురు గప్పిన నిప్పు అంటారే, అదీ పరిస్థితి.

ఎంత ఒత్తిడి అంటారా? మామూలు గదిలో, రకాన్ని బట్టి, కారు టైరులో ఉండేంత నుంచి దానికి రెండు మూడింతల దాకా. వేడెక్కితే? ఐసోబ్యుటేన్ తీసుకుందాం. 20 డిగ్రీల దగ్గర దాని పీడనం బయటి గాలికి సుమారు 3 రెట్లు. 50 డిగ్రీల దగ్గర దాదాపు 7 రెట్లు. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వకండి అని రాస్తారు చూడండి, ఆ అంకె ఊరికే రాసింది కాదు. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారులో 50 డిగ్రీలు తేలిగ్గా దాటుతుంది. డబ్బా అడుగు లోపలికి గుంటలా నొక్కి ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? ఆ వంపు ఒత్తిడిని తట్టుకోవడానికి. అడుగు బయటికి ఉబ్బి వచ్చిన డబ్బా కనబడితే దాన్ని ఊపకండి, నొక్కకండి. లోపల ఒత్తిడి హద్దు దాటిందని అర్థం.

ఇంకో లెక్క చెబుతాను, ఇది నాకు చాలా ముఖ్యం. డబ్బాలో ఇంకా 20 గ్రాముల బ్యుటేన్ మిగిలిందనుకోండి. ద్రవంగా చూస్తే రెండు పెద్ద చెంచాలకు కాస్త ఎక్కువ. అంతే. అది బయటికి వస్తే 8 లీటర్ల గ్యాస్ అవుతుంది. గాలిలో బ్యుటేన్ 1.8 శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. లెక్క వెయ్యండి. 8 లీటర్ల గ్యాస్ 450 లీటర్ల గాలిని అంటుకునేలా చెయ్యగలదు. రెండు పెద్ద నీళ్ల డ్రమ్ములకు పైగా గాలి! ఆ రెండు చెంచాల నుంచి. చెత్తబండి వెనక నొక్కే పెట్టెలో, బేలింగ్ మిషన్ గుంతలో, గాలాడని చోట ఇది జరిగితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. పైగా ఈ గ్యాసులు గాలికన్నా బరువు. పైకి పోయి చెదిరిపోవు, నేల మీద పరుచుకుని గుంతల్లో నిలబడతాయి.

వాసన వస్తే తెలుస్తుంది కదా అంటారు. వంటగ్యాస్‌కు వాసన ఎక్కడిది? దానికి సొంతంగా పెద్ద వాసన లేదు. లీకైతే తెలియాలని కావాలనే ఘాటైన పదార్థం కలుపుతారు. స్ప్రే డబ్బాలో అది కలపరు. సెంటు స్ప్రేలో ఆ వాసన వస్తే ఎవరు కొంటారు? అందుకని వాసన లేని గ్యాస్ వాడతారు. లీకైతే మీ ముక్కు మీకు చెప్పదు. ఇది గుర్తుపెట్టుకోండి అమ్మా.

ఒకాయన నన్ను అడిగారు, ఇంత మండే గ్యాస్ అందులో ఎందుకు పెట్టారండీ అని. మంచి ప్రశ్న. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

స్ప్రే డబ్బాకు పేటెంట్ తీసుకున్నది నార్వే ఇంజనీరు ఎరిక్ రోథైమ్, 1920లలో. అప్పట్లో అది పెద్దగా జనంలోకి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు మలేరియా దోమలతో అల్లాడుతుంటే, అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే లైల్ గుడ్‌హ్యూ, విలియం సల్లివాన్ అనే ఇద్దరు దోమల మందు స్ప్రే తయారుచేశారు. యుద్ధం అయ్యాక చవకైన వాల్వ్ వచ్చింది, డబ్బా తేలికైంది, ఇళ్లలోకి వచ్చేసింది. ఆ రోజుల్లో చాలావాటిలో సీఎఫ్‌సీ అనే గ్యాసులు వాడేవారు. వాటికి ఒక గొప్ప గుణం ఉండేది, అవి మండవు. 1974లో మారియో మోలినా, షెర్వుడ్ రోలాండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఈ గ్యాసులు పైకి వెళ్లి ఓజోన్ పొరను తినేస్తాయని చెప్పారు. 1978లో అమెరికా స్ప్రే డబ్బాల్లో వాటి వాడకాన్ని చాలావరకు నిషేధించింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, దేశాలన్నీ నెమ్మదిగా వాటిని వదిలేశాయి. ఆ ఇద్దరికీ, ఓజోన్ మీదే పరిశోధన చేసిన పాల్ క్రుట్జెన్‌కీ కలిపి 1995లో నోబెల్ ఇచ్చారు.

ఇది మనుషులు కలిసి చేసిన మంచి పనుల్లో ఒకటి అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆ మార్పుతో ఇంట్లో ఉన్న డబ్బా మారింది. మండని గ్యాస్ పోయి, మండే గ్యాస్ వచ్చింది. డబ్బా మీద "ఓజోన్‌కు హాని లేదు" అని ఉంటుంది. అది నిజమే. దాన్ని చదివి చాలామంది ఇది ఎవరికీ హాని లేనిదేమో అనుకుంటారు. అలా కాదు. అది ఆకాశం సంగతి. బెల్టు దగ్గర నిలబడినవాళ్ల సంగతి వేరే.

ఇప్పుడు మన డబ్బా దగ్గరికి వద్దాం. అమ్మాయీ, మళ్లీ రా. ఇదిగో ఇంకో డబ్బా, దీని మీట తీస్తున్నాను. మన "ఖాళీ" డబ్బా మీట తీసేసి, దీన్ని అక్కడ పెడుతున్నాను. కిటికీ వైపు తిప్పి నొక్కు. చూశారా? ఎంత జోరుగా వస్తోందో! భయపడకండి, ఇందులో నీళ్లు, నైట్రోజన్ తప్ప ఇంకేమీ లేవు, గదిలో చూపించడానికి అదే తెచ్చాను. మొదటి మీట కన్నాన్ని నేనే మూసి తీసుకొచ్చాను. లోపల నిండా ఉంది. మీరందరూ ఖాళీ అన్నారు.

మీట నొక్కితే రాకపోవడానికి ఎన్ని కారణాలున్నాయో చూడండి. నాజిల్లో రంగు ఎండి అడ్డుపడి ఉండొచ్చు. చాలాసేపు ఏకబిగిన కొట్టడం వల్ల డబ్బా చల్లబడి ఒత్తిడి పడిపోయి ఉండొచ్చు. గ్యాస్ ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది, అందుకే డబ్బా చేతికి చల్లగా తగులుతుంది. పావుగంట పక్కన పెడితే మళ్లీ పనిచేస్తుంది. వేడినీళ్లలో పెట్టకండి, పొయ్యి దగ్గర పెట్టకండి. ఇంకోటి, తలకిందులుగా పట్టుకుని కొట్టే అలవాటు. అప్పుడు గొట్టం కొస ద్రవంలో ఉండదు, గ్యాస్‌లో ఉంటుంది. గ్యాస్ అంతా పోతుంది, మందు లోపలే ఉండిపోతుంది. అది ఇంకోరకం సమస్య, ఒత్తిడి లేదు కానీ విషం ఉంది.

కాబట్టి ఖాళీ అని నేను దేన్ని అంటానంటే, రెండూ అయిపోవాలి. లోపల మందు అయిపోవాలి, ఒత్తిడీ అయిపోవాలి. నిటారుగా పట్టుకుని ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకూడదు. నాజిల్ శుభ్రంగా ఉండి, డబ్బా గది వేడిలో ఉండి, మీట నొక్కితే తుంపర గానీ "సుయ్" మనే గాలి గానీ రాకూడదు. ఇవన్నీ చూశాకే ఖాళీ. ఇది చూడగలిగేది ఎవరు? వాడినవాళ్లు ఒక్కరే. అది నిన్నటిదాకా ఎలా పనిచేసిందో, ఎంత వాడారో మీకు తెలుసు. చెత్తబండి తమ్ముడికి తెలియదు, బెల్టు దగ్గర ఆమెకు తెలియదు. ఆ కబురు మీ ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతే, ఆ తర్వాత ఎవ్వరూ కనిపెట్టలేరు.

అలా నిజంగా ఖాళీ అయినదాన్ని ఏం చెయ్యాలి? అది మంచి లోహం. పారెయ్యకూడదు. డబ్బాలు రెండు రకాలు. ఒకటి తగరం పూత వేసిన ఉక్కు రేకు. పక్కన నిలువుగా అతుకు గీత కనబడుతుంది, అయస్కాంతం అంటుకుంటుంది. రెండోది అల్యూమినియం. అతుకు ఉండదు, ఒకే బిళ్లను నొక్కి సాగదీసి చేస్తారు, అయస్కాంతం అంటుకోదు. ఆ అల్యూమినియం చాలా స్వచ్ఛమైనది. గనిలోంచి ఖనిజం తీసి కొత్తగా అల్యూమినియం చేసేదానితో పోలిస్తే, పాతదాన్ని కరిగించడానికి 5 శాతం శక్తి చాలు. మిగతా 95 శాతం ఆదా. ఉక్కు కూడా ఎన్నిసార్లు కరిగించినా ఉక్కే. కేంద్రంలో ఉక్కును అయస్కాంతం లాగేస్తుంది, అల్యూమినియాన్ని వేరే యంత్రం ఎగరగొట్టి పక్కకు తోస్తుంది. మీరు వేరుచెయ్యక్కర్లేదు.

మీరు చెయ్యాల్సింది ఇంతే. పైన ప్లాస్టిక్ మూత తీసి ప్లాస్టిక్‌లో వెయ్యండి. లోపలి వాల్వ్ జోలికి పోకండి. డబ్బాను తొక్కి చదును చెయ్యకండి. కూల్‌డ్రింక్ డబ్బాను తొక్కుతాం, దాన్ని చూసి దీన్నీ తొక్కుతారు. వద్దు. కన్నం పెట్టకండి. మంటలో వెయ్యకండి, చెత్త తగలబెట్టే చోట అసలే వద్దు. మీ దగ్గర ఖాళీ స్ప్రే డబ్బాలను లోహం చెత్తలో తీసుకుంటారో లేదో ఒకసారి అడగండి. కొన్నిచోట్ల తీసుకుంటారు, కొన్నిచోట్ల తీసుకోరు.

లోపల ఇంకా ఉన్నవాటిని మాత్రం ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోటికే ఇవ్వాలి. బ్యాటరీలు, పాత రంగులు, పురుగుమందులు తీసుకుంటారే, అక్కడికి. అలాంటిచోట ఏం చేస్తారో నేను దగ్గరుండి చూశాను. గాలి చొరబడని గదిలాంటి పెట్టె, లోపల ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపుతారు. ఆక్సిజన్ లేకపోతే మంట ఎక్కడిది? అప్పుడు డబ్బాకు కన్నం పెడతారు. గ్యాస్ ఒక దారిన పోతుంది, దాన్ని పట్టి నింపుతారు లేదా జాగ్రత్తగా కాల్చేస్తారు. ద్రవం ఇంకో దారిన కిందికి కారుతుంది. మిగిలిన రేకు నలిగి కట్టగా బయటికి వస్తుంది. అదే డబ్బా, అదే గ్యాస్. మా బేలింగ్ మిషన్ దగ్గర ఒక మనిషిని కాల్చింది, ఇక్కడ ఎవరినీ ముట్టుకోలేదు. తేడా అంతా అది ఏ దారిన వచ్చింది అన్నదే. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2019 డిసెంబరులో వ్యాపార సంస్థల నుంచి వచ్చే ఇలాంటి డబ్బాల కోసం వేరే నియమాలు పెట్టింది. అక్కడ కూడా కన్నం పెట్టాలంటే దానికోసమే చేసిన పరికరం ఉండాలి, పని తెలిసినవాళ్లుండాలి. అంత పెద్ద సంస్థలకే ఆ షరతు ఉంటే, ఇంట్లో మేకూ సుత్తీ పట్టుకోవడం ఎంత తప్పో చూడండి.

అలాంటి కేంద్రం దగ్గర్లో లేనివాళ్లు చాలామంది ఉంటారు, నాకు తెలుసు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మొదట దాన్ని దేనికి కొన్నారో దానికే పూర్తిగా వాడెయ్యండి. మీకు అక్కర్లేకపోతే, పేరు చెదరని డబ్బాను వాడుకునేవాళ్లకు ఇచ్చెయ్యండి. వదిలించుకోవడానికని బాల్కనీలో నిలబడి పురుగుమందు గాలిలోకి కొట్టెయ్యకండి, మోరీలో పొయ్యకండి. అయ్యాక, ముడేసిన సంచీలో మిగతా చెత్తతో కలపకుండా విడిగా చేతికివ్వండి. ఇచ్చేటప్పుడు నోటితో చెప్పండి, "అన్నా, ఇది స్ప్రే డబ్బా, ఇది ఖాళీ" అని, లేకపోతే "ఇందులో ఇంకా ఉంది" అని. ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మా అక్కకు ఆ మాట ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది అని ఇప్పటికీ అనుకుంటాను.

కొన్ని డబ్బాల సంగతి విడిగా చెప్పాలి. కిటికీ సందులు మూసే నురగ డబ్బాలు ఉంటాయి, పాలీయురెథేన్ ఫోమ్. వాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరికీ చర్మానికీ మంచివి కావు. అవి అయిపోయినా ప్రమాదకరమైన చెత్తలోకే. పురుగుమందు డబ్బాలూ అంతే. ఇక ఆస్తమావాళ్లు పీల్చే ఇన్‌హేలర్. అదీ ఒక చిన్న స్ప్రే డబ్బాయే అని చాలామందికి తట్టదు. అందులో సాధారణంగా హెచ్‌ఎఫ్‌సీ గ్యాస్ ఉంటుంది. అది ఓజోన్‌ను ఏమీ చెయ్యదు కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇన్‌హేలర్ వాడటం మానకండి, దయచేసి, ప్రాణానికి సంబంధించింది. అయిపోయాక మందుల షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి, అంతే.

ప్రశ్నలు

ఒకామె అడుగుతున్నారు, గ్యారేజీలో తుప్పు పట్టిన నిండు డబ్బాలు నాలుగున్నాయి, ఏం చెయ్యాలి అని. అమ్మా, ముందు వాటిని ఎండ, మంట, స్విచ్చులు, మోటార్లు లేని చోట, గాలాడే చోట నిలువుగా పెట్టండి. మూసిన పెట్టెలో పెట్టకండి. పట్టుకెళ్లేటప్పుడు మీట నొక్కుకుపోకుండా మూత పెట్టే ఉంచండి, కారు అద్దాలు దించండి. రేకు చిల్లు పడుతున్నట్టుంటే, అడుగు ఉబ్బి ఉంటే కదపకండి, అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేసి అడగండి. ఇంత చిన్న విషయానికా అని మొహమాటపడకండి.

వెనక నుంచి బాబు అడుగుతున్నాడు, ఆరుబయట కన్నం పెడితే గ్యాస్ గాలిలో కలిసిపోతుంది కదా అని. కలుస్తుంది. కానీ కన్నం పెట్టేది ఇనుముతో ఇనుము మీద, నిప్పురవ్వ రావచ్చు. గ్యాస్ ముందు నీ చేతి మీదికే వస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరిగే పదార్థం, ద్రవం చర్మం మీద పడితే మంచు కరిచినట్టు కాలుతుంది. దానితోపాటు మందు కంట్లో పడుతుంది. ఆరుబయట అయినా వద్దు నాన్నా.

ఇంకో చిన్న చెయ్యి లేచింది. ఏం కావాలి? రంగు డబ్బా ఊపితే గలగలమనే గోలీ బయటికి తీసుకోవచ్చా అంటున్నాడు. నువ్వు అడిగినందుకు చాలా సంతోషం, పెద్దవాళ్లెవరూ ఇది అడగరు. ఆ గోలీ రంగు కలపడానికి వేస్తారు. దానికోసం పిల్లలు డబ్బా పగలగొడతారు, దెబ్బలు తగిలించుకుంటారు. తియ్యకూడదు కన్నా. గోలీ అలాగే డబ్బాతో పాటు వెళ్లిపోవాలి. మీ స్నేహితులకు కూడా చెబుతావా? సరే.

ఒకాయన అంటున్నారు, నాజిల్ మూసుకుపోతే పిన్నీసుతో పొడవచ్చా అని. మీటను పైకి లాగి తీసేసి, దాన్ని విడిగా కడగండి, రంగైతే దానికి తగిన థిన్నర్‌లో నానబెట్టండి. డబ్బా మీద మిగిలిన సన్నని గొట్టంలోకి మాత్రం పిన్నీసు పెట్టకండి. వాల్వ్ తెరుచుకుని మళ్లీ మూసుకోకపోతే ఆపడం మీ చేతిలో ఉండదు.

సమయం అయిపోయింది. డబ్బాలు తెచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఈ బల్ల దగ్గరికి రండి. మూతలు ఆ నీలం బుట్టలో వెయ్యండి. ఖాళీ అని మీకు గట్టిగా తెలిసినవి ఎడమవైపు పెట్టెలో నిలువుగా పెట్టండి, పడేయకండి. కొంచెం అనుమానం ఉన్నా కుడివైపు పెట్టండి, దాన్ని నేను చూసుకుంటాను. ఆ కిటికీ దగ్గర ఉన్న బాబూ, ఆ రెండో కిటికీ కూడా తెరువు.